చెంచాడు తోడు

ఉదయం ఏడు కాకముందే విశాఖపట్నంలో జనం ఎండకి జడిసి తలుపులు బిడాయించుకుని పడుకుంటారు. పొద్దుగూకాక లేచి బళ్ళకీ ఆఫీసులకీ బయల్దేరతారు. చివరికి పెళ్ళి ముహూర్తాలు కూడా రాత్రికే మారిపోయాయి. పురోహితులు మొదట్లో కాస్త గొణిగారు గానీ, ఆ ఎండలో హోమం ముందు కూర్చోవడం వాళ్ళకి మాత్రం ఏం సరదా? వాళ్ళూ సర్దుకున్నారు.

అందరూ రాత్రికి మారారు గానీ ఉప్పు మారలేదు. అది ఎండలోనే పండుతుంది. ఆ మడుల్లో దిగి ఉప్పు పోగుచేసేవాళ్ళు ఎండలోనే ఉండాలి. అలా ఏళ్ళ తరబడి ఒళ్ళు ఉడికీ ఉడికీ వచ్చేదే ఉడుకుజబ్బు. డాక్టర్లు దానికి తాపజన్య మూత్రపిండ క్షయమని నోరు తిరగని పేరొకటి పెట్టుకున్నారు. మూత్రపిండాల్లో జల్లెడలాంటి పొరలుంటాయి. అవి ఒక్కొక్కటే మూసుకుపోతాయి. మొదట పాదాలు వాస్తాయి, తర్వాత మొహం వాస్తుంది, ఆ తర్వాత ఇంట్లోవాళ్ళు చుట్టాలకి కబురు పెడతారు.

దానికి మందు లేదా అంటే, ఉంది. శీతలిన్ అనే ప్రోటీన్. మూసుకుపోతున్న పొరల్ని కొద్దికొద్దిగా తెరుస్తుంది. అయితే రోజూ పడాలి. నాలుగు రోజులు మానితే మళ్ళీ మొదటికొస్తుంది. ఒకప్పుడు దాన్ని ఇంటింతేసి ఉక్కు తొట్లలో తయారుచేసి సూదిమందుగా అమ్మేవారు. ఉప్పు కూలీ ఒక్క సూది కొనాలంటే నెలజీతం ధారపోయాలి.

డాక్టర్ గేదెల చామంతి చేసిన ఘనకార్యం ఏమిటంటే, ఆ తొట్లన్నిటినీ ఒక పెరుగు గిన్నెలోకి దించడం. పాలను పెరుగు చేసే సూక్ష్మజీవి, లాక్టోబాసిలస్, మన ఇళ్ళల్లో వేల ఏళ్ళుగా జీతం బత్తెం లేకుండా పనిచేస్తూనే ఉంది. చామంతి దానికి శీతలిన్ తయారుచేసే జన్యువును అతికించింది. గోరువెచ్చని పాలలో ఒక్క చెంచాడు వేసి మూతపెడితే, పొద్దుటికి గిన్నెడు మందు. కొలపుల్ల అని సన్నటి పుల్లొకటి కూడా తయారుచేసింది. దాన్ని పెరుగులో ముంచితే మందు ఉంటే ఆకుపచ్చగా మారుతుంది, లేకపోతే తెల్లగానే ఉండిపోతుంది. తన సృష్టికి ఆమె పెట్టిన పేరు ఔషధ తోడు, జనం నోట్లో అది మందుతోడు అయింది. "ఇంటిపేరు గేదెల, చేసేది పెరుగు, ఇంకేం కావాలి తల్లీ నీకు!" అని తోటి శాస్త్రవేత్తలు ఆటపట్టించేవారు.

అన్నీ బాగానే ఉన్నాయి గానీ, పరిశోధనకి డబ్బు పెట్టింది నిరామయ అనే కంపెనీ. ఇవాళ్టి పెరుగులోంచి చెంచాడు తీసి రేపటి పాలకి తోడు వేసుకుంటూ పోతే, ఒక్కసారి కొన్నవాడు జన్మలో మళ్ళీ కొనడు. అందుకని తాళం వెయ్యమన్నారు. చామంతే వేసింది. తోడులోని సూక్ష్మజీవి బతకడానికి కావలసిన ఒక పోషకాన్ని అది సొంతంగా తయారుచేసుకోలేకుండా చేసింది. ఆ పోషకం కంపెనీ ప్యాకెట్లో మాత్రమే ఉంటుంది, అదీ ఒక్కసారికి సరిపడా. ఆ పెరుగునే మళ్ళీ తోడువేస్తే పాలు పాలలాగే ఉండిపోతాయి. దీనికి ఏకతరం తాళమని పేరు. అప్పట్లో అందరూ చామంతి భుజం తట్టారు. ఆమెకీ గర్వంగానే అనిపించింది.

ఆ గర్వం ఆమె అన్న కాళ్ళు వాచేదాకా నిలిచింది.

అన్న పేరు పోలినాయుడు. శ్రీకాకుళం సముద్రపుటొడ్డున ఉప్పలపేట అనే ఊళ్ళో ఉప్పుమడి కూలీ. అమ్మానాన్నలు పోయాక చెల్లెల్ని చదివించింది ఆయనే. ఆ చదువు అయ్యేదాకా మడిలోంచి పైకి రాలేదు. ఇప్పుడు ఆయనకి ఉడుకుజబ్బు. కంపెనీ చామంతికిచ్చే ఉచిత ప్యాకెట్లు మొగుడికీ పిల్లలకీ అయితే చెల్లుతాయట, అన్నకి చెల్లవట. మొగుడూ పిల్లలూ లేని చామంతికి ఆ రూలు చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

రాయితీ ప్యాకెట్లు ఎవరికివ్వాలో తేల్చే యంత్రం ఒకటుంది. దాని పేరు సమవర్తి. అది యముడి పేరు. ఆ పేరు పెట్టినవాడికి తెలుగు బొత్తిగా రాదో, మరీ ఎక్కువ వచ్చో! చామంతి దాని ముందు కూర్చుని అన్న వివరాలు చెప్పింది.

"గేదెల పోలినాయుడు గారికి అర్హత లేదు," అంది సమవర్తి, మర్యాదగా.

"ఎందుకు లేదు?"

"ప్యాకెట్లు తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ. ఇంకా ఎక్కువకాలం పని చేయగలవాళ్ళకి ముందు ఇస్తున్నాను. ఆయన వయసు యాభై నాలుగు."

"ప్యాకెట్లు తక్కువని నీకెవరు చెప్పారు?"

"నిరామయ చెప్పింది."

"ఒక్క ప్యాకెట్‌తో ఊరు ఊరంతా తోడుపెట్టుకోవచ్చని తెలుసా నీకు?"

"తెలుసు. కానీ తాళం ఉంది కదా. వేసింది మీరే."

యంత్రానికి ఎత్తిపొడవడం రాదు. ఉన్నమాట అంది, అంతే. అయినా చామంతికి చెంప ఛెళ్ళుమన్నట్టయింది. అక్కణ్ణుంచి తిన్నగా డైరెక్టర్ విశ్వంభరమూర్తి గదికి వెళ్ళింది.

మూర్తిగారు దుర్మార్గుడేం కాదు. ఆమె చెప్పిందంతా విని, మంచినీళ్ళిప్పించి, "మీ అన్నగారి ప్యాకెట్లకి నా జేబులోంచి ఇస్తానమ్మా," అన్నాడు. "రేపు ఇంకొకరి అన్న వస్తాడు. ఎల్లుండి పదిమంది వస్తారు. నా జేబు ఎంతకని?"

"తాళం తీసేద్దాం సార్."

"తీసేస్తే ఇంకో జబ్బుకి మందు కనిపెట్టడానికి చిల్లిగవ్వ ఉండదు."

"ఉన్న మందు అందక పోయేవాడికి, రాబోయే మందుతో ఏం పని?"

మూర్తిగారు కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టాడు. "ఒక మాటంటాను, కోప్పడకు. డబ్బుకి కులం లేదు, ఊరూ పేరూ లేదు. కౌంటర్లో డబ్బు పెట్టినవాడు ఎవడైనా సరే, ప్యాకెట్ చేతికిస్తాం. డబ్బుకున్న మంచిగుణం అదొక్కటే. దాన్ని పక్కన పెడితే దాని చోట్లోకి ఏం వచ్చి కూర్చుంటుందో నాకు తెలీదు."

"డబ్బు లేనివాడి సంగతో?"

"దానికి నా దగ్గర జవాబు లేదు," అన్నాడాయన. అబద్ధమాడలేదు, అంతవరకూ మెచ్చుకోవాలి.

చామంతి ఆ సాయంత్రమే ఉప్పలపేట బస్సెక్కింది. సంచిలో తన జీతంతో కొన్న ఒకే ఒక్క ప్యాకెట్ ఉంది. దారంతా ఒకటే ఆలోచన. ఆ పోషకాన్ని ప్రకృతిలో ఇంకెవరైనా తయారుచేస్తారా? చిన్నప్పటి ఇల్లు కళ్ళముందుకొచ్చింది. ఇంట్లో తోడు లేనప్పుడు అమ్మ పచ్చిమిరపకాయల తొడిమలు తుంచి గోరువెచ్చని పాలలో పడేసేది. పొద్దుటికి పేరుకునేది. మరి ఆ తొడిమ మీద ఉండేదెవరు? లాక్టోబాసిలస్ జాతిదే, దగ్గర చుట్టమే! ఎవరూ తాళం వెయ్యని, అడవిలో పెరిగిన చుట్టం. లాబ్‌లో తాళాన్ని వంద రకాలుగా పరీక్షించారు గానీ, మిరపతొడిమని లోపలికి తెచ్చిన మహానుభావుడు ఒక్కడూ లేడు. చామంతికి బస్సులోనే నవ్వొచ్చింది.

పోలినాయుడు అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. పాదాలు పొంగి చెప్పుల్లో పట్టడం లేదు. వదిన రవణమ్మ ఎదురొచ్చి, "ఓలమ్మ, చామంతమ్మా, ఏటిలా చిక్కిపోనావు?" అని సంచి అందుకుంది.

"నా సంగతి తర్వాత. ఇంట్లో పచ్చిమిరపకాయలున్నాయా వదినా?"

"ఇంత చదువు చదివి మిరపకాయలకొచ్చినావేటి?" అని నవ్వాడు అన్న. ఆ నవ్వుకే ఆయాసం వచ్చింది.

ప్యాకెట్‌తో తోడుపెట్టారు. మర్నాడు ఆ పెరుగులోంచి చెంచాడు తీసి, రెండు మిరపతొడిమలతో సహా కొత్త పాలలో వేశారు. కంపెనీ లెక్క ప్రకారం ఆ పాలు పేరుకోకూడదు. చామంతి రాత్రంతా కుదురుగా పడుకోలేదు. పొద్దున్న రవణమ్మ మూత తీసి, "గట్టిగా తోడుకుందే!" అంది. తోడుకోవడం వింత కాదు, అది తొడిమ చలవే కావచ్చు. చామంతి కొలపుల్ల ముంచింది. ఆకుపచ్చ! తొడిమ మీది సూక్ష్మజీవి తన పోషకంలో కాస్త పక్కవాడికి వదులుతోంది, దాంతో వాడు బతుకుతున్నాడు. ఇద్దరూ ఒకే గిన్నెలో కాపురం పెట్టారు. ఇక ప్యాకెట్‌తో పనిలేదు.

చామంతి వదినని కావలించుకుని ఏడ్చేసింది.

ఆ తర్వాత సంగతి చెప్పేదేముంది? తోడు ఒక గిన్నెలో కూర్చునే వస్తువా? "వదినా, కాస్త మందుతోడు పెట్టు" అని పక్కింటావిడ వచ్చింది, ఆవిడ దగ్గరికి వాళ్ళ చెల్లెలు వచ్చింది. ఉప్పలపేట దాటి, జిల్లా దాటి, కూతుళ్ళ అత్తవారిళ్ళకి సారెతో పాటు వెళ్ళింది. నిరామయ కంపెనీ చామంతి మీద కేసు పెట్టింది. రోట్లో తల దూర్చాక రోకటిపోటుకి వెరవడమెందుకని ఆమె ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి బోనెక్కింది. "ఇంతకీ ఈ మందు ఎవరిదంటారు?" అని న్యాయమూర్తి అడిగితే, "రోగం ఎవరికుంటే వాళ్ళదండీ," అంది. చివరికి కోర్టు, వంటింట్లో మిరపతొడిమతో కలిసి బతుకుతున్నదాన్ని ఎవరి ఆస్తి అనలేమని తేల్చింది. ప్యాకెట్లు ఆగిపోయాయి. ప్రభుత్వం ఒక తోడు కేంద్రం పెట్టి చామంతిని దానికి పెద్దని చేసింది. సమవర్తికి కూడా పని మారింది. ఎవరికివ్వాలో తేల్చడం మాని, ఎవరికి అందిందో చూడటం దాని వంతయింది.

పోలినాయుడి కాళ్ళు మామూలయ్యాయి. చెల్లెలి మాటని ఇంటి గోడమీద నీలిరంగుతో పెద్ద అక్షరాల్లో రాయించాడు: మందు రోగం ఉన్నవాడిది. ఊరికొచ్చే ప్రతివాడికీ ఆ గోడ చూపించి, "మా చెల్లి" అనేవాడు.

నాలుగేళ్ళు గడిచాయి. ఆ పాటికి ఉడుకుజబ్బుతో ఒక్కరూ చావకూడదు. కానీ చస్తూనే ఉన్నారు. తక్కువమందే, అయినా తగ్గిన సంఖ్య అక్కడే ఆగిపోయింది. చామంతి సమవర్తిని అడిగింది.

"మందు లేని ఇళ్ళని పటం మీద పెట్టాను చూడండి," అంది సమవర్తి. "ఇందులో డబ్బున్నవాళ్ళున్నారు, లేనివాళ్ళున్నారు. కొన్నిచోట్ల ఒకే వీధిలో ఒకవైపు అందరికీ ఉంది, రెండోవైపు ఒక్కరికీ లేదు. వీళ్ళందరికీ పోలిక ఒక్కటే కనపడుతోంది."

"ఏమిటది?"

"పక్కింటివాళ్ళు తోడు ఇవ్వలేదు."

"ఎందుకివ్వలేదు?"

"కారణాలు నా దగ్గర లేవు. అవి మీకే తెలిసి ఉంటాయి."

చామంతి పటం మీద ఒక్కో వీధినీ పెద్దది చేసి చూసింది. ఆ వీధులు ఎందుకలా రెండుగా చీలాయో ఈ దేశంలో పుట్టినవాళ్ళకి వేరే చెప్పాలా? తోడు ఒక వంటింట్లోంచి ఇంకో వంటింట్లోకి వెళుతుందని లెక్క కట్టింది గానీ, ఏ వంటింటి గడప ఎవరు తొక్కుతారో ఆ లెక్కలో వెయ్యలేదు.

"చివరగా నమోదైన మరణం ఎక్కడిది?" అంది.

"ఉప్పలపేట. ఏడుకొండలు, నలభై ఏళ్ళు. మునిగిపోయిన కృష్ణా లంక గ్రామాల నుంచి వచ్చిన కుటుంబం. మీ అన్నగారి గోడకి అవతలి ఇల్లు."

చామంతి వెళ్ళేసరికి ఏడుకొండలు పెద్దకర్మ కూడా అయిపోయింది. అతని భార్య నాంచారమ్మ వాకిట్లో మిరపమొక్కకి నీళ్ళు పోస్తోంది. సముద్రం తమ ఊళ్ళోకొచ్చినప్పుడు పట్టుకొచ్చుకున్న విత్తనాల మొక్కట అది. మొగుడి జాగాలో ఉప్పుమడిలోకి ఇప్పుడు ఆమే వెళుతోంది. ఆమె పాదాలు కూడా కొద్దిగా వాచి ఉన్నాయి.

"తోడు ఎవర్నీ అడగలేదా అమ్మా?" అంది చామంతి.

"అడక్కేమండీ? పక్కన నాయుడుగారింటికే ఎల్లా. దీపాలెట్టాక తోడివ్వకూడదన్నారు, అది నిజవే కదా, తెల్లారెల్లా. శుక్రవారం అన్నారు. ఆ మర్నాడు తోడు నిండుకుందన్నారు. నిండుకుందంటే ఇంకేం అడుగుతావండీ? ఆ గోడ దగ్గర నించుని నించుని వచ్చేశా." నాంచారమ్మ గొంతులో కోపం లేదు. ఎవరికో జరిగిన విషయం చెప్తున్నట్టు చెప్పింది.

చామంతికి నేల బద్దలై తనని మింగేస్తే బాగుండుననిపించింది. ఫ్లాస్కులో తెచ్చిన మందుతోడు ఆమె గిన్నెలో వేసి, మిరపతొడిమతో ఎలా నిలబెట్టుకోవాలో చెప్పింది. నాంచారమ్మ తన మొక్క మిరపకాయే తుంచి వేసుకుంది. అక్కణ్ణుంచి చామంతి అన్నగారింట్లోకి వెళ్ళి, కూర్చోకుండానే అడిగింది.

"నాంచారమ్మ వస్తే తోడు నిండుకుందన్నావా అన్నయ్యా?"

పోలినాయుడు మొహం పక్కకి తిప్పుకున్నాడు. "ఆళ్ళు మనోళ్ళా ఏటి? ఎక్కడ్నుంచొచ్చినారో, ఏటి తింతారో, ఎవులికెరుక? ఆళ్ళ చెయ్యి కలిస్తే మన తోడు ఇరిగిపోద్దని వీధంతా అనుకున్నాం. నానొక్కణ్ణే కాదు."

"మనిషి చచ్చిపోయాడు."

"నానేటి చంపీసేనా? వొచ్చినోళ్ళందరికీ ఇచ్చుకుంటా పోతే మనకేటి మిగుల్తాది?"

"పెరుగుతోడు తరిగిపోయే వస్తువా? చెంచాడు ఇస్తే చెంచాడు తగ్గుతుందా, చెప్పు!"

రవణమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి, "అన్నం తిని ఎల్లమ్మా," అంది మెల్లగా. చామంతి మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళిపోయింది. బయట గోడమీద తన మాట నీలిరంగులో అలాగే ఉంది. మూర్తిగారు ఏనాడో చెప్పిన మాట గుర్తొచ్చి ఒళ్ళు మండింది. కంపెనీ డబ్బు చూసి ఇచ్చేది, వీళ్ళు మనిషిని చూసి ఇస్తున్నారు.

మరుసటి ఏడు రోహిణి కార్తెలో ఉప్పలపేట తోడు చచ్చిపోయింది.

సూక్ష్మజీవుల్ని తినే వైరస్‌లుంటాయి. బాక్టీరియోఫేజ్ అంటారు వాటిని. అలాంటిదొకటి పుట్టి గిన్నె తర్వాత గిన్నెని మింగుతూ పోయింది. చామంతి దానికి తోడుమింగి అని పేరు పెట్టింది. వీధిలో అందరిదీ రవణమ్మ గిన్నెలోంచి పుట్టిన ఒకే వరస. బయటి తోడు కలవనివ్వలేదు కదా! ఒకటి పడితే అన్నీ పడ్డాయి. పాలు తొడిమ పుణ్యాన పేరుకుంటున్నాయి గానీ, కొలపుల్ల తెల్లగానే ఉంటోంది. కేంద్రంలో దాచినదీ అదే వరస కనుక, పంపినా రెండో రోజుకి చచ్చేది. పోలినాయుడి పాదాలు మళ్ళీ పొంగాయి. రవణమ్మ ఫోన్ చేసి ఏడ్చింది.

"ఆ చుట్టుపక్కల ఇంకా ఎక్కడైనా బతికి ఉందా?" అని సమవర్తిని అడిగింది చామంతి.

"ఒక్క ఇంట్లో ఉంది. కృష్ణా లంకల మిరపతొడిమతో కలిసిన తోడు. ఆ తొడిమ మీది సూక్ష్మజీవి వైరస్‌ను ముక్కలు చేసే ఎంజైమ్‌ని పెరుగులోకి వదులుతోంది. ఆ తోడుతో కలిపితే మిగతావాళ్ళ గిన్నెలూ బతుకుతాయి."

"ఎవరిల్లు?" అంది గానీ, ఆమెకి జవాబు ముందే తెలిసిపోయింది.

మధ్యాహ్నానికల్లా ఉప్పలపేట చేరింది. అన్న మొహం వాచి కళ్ళు చిన్నవైపోయాయి. సంగతంతా చెప్పింది. ఆయన కప్పువైపు చూస్తూ అన్నాడు.

"నువ్వే అడిగి తెచ్చీయి చెల్లీ. నువ్వంటే ఆయమ్మకి గౌరవం."

తేవచ్చు. ఒక్క నిమిషం పని. చామంతి లేవబోయి ఆగింది. ప్రాణం మీదికొచ్చిన మనిషికి నువ్వే వెళ్ళి అడుగు అని షరతు పెడితే తను కూడా ఒక తాళం వేస్తున్నట్టే కదా అనిపించింది. కానీ ఆయన గడప దాటకుండా తను తెచ్చిస్తే, ఆ వీధికి రేపు ఇంకో నాంచారమ్మ వస్తుంది, రేపు కూడా తోడు నిండుకుంటుంది.

"పద, నేనూ వస్తాను," అంది. "గిన్నె మాత్రం నువ్వే పట్టుకో. ఆవిడ కాదంటే అప్పుడు నేను కాళ్ళమీద పడతాను."

పోలినాయుడు అప్పుడే లేవలేదు. ఎండ తగ్గనీ అన్నాడు. మొహం కడుక్కుంటానన్నాడు. చొక్కా మార్చుకున్నాడు. వీధిలో జనం లోపలికెళ్ళనీ అన్నాడు. రవణమ్మ వీధందరికీ పంచవచ్చని ఇంట్లో ఉన్నవాటిలో పెద్ద గిన్నె తోమి చేతికిచ్చింది. చెల్లెలి భుజం పట్టుకుని, ఆయాసపడుతూ, ఆ గోడ పక్కనుంచే నడిచి అవతలి వాకిట్లోకి చేరేసరికి పొద్దుగూకింది. నాంచారమ్మ గుమ్మంలో అప్పుడే దీపం పెట్టింది.

ఆ దీపం చూసి పోలినాయుడు ఆగిపోయాడు. గిన్నె వీపు వెనక్కి దాచుకున్నాడు.

"దీపం ఎట్టీసినావమ్మా," అన్నాడు. "మరింక... రేపొస్తాన్లే." వెనక్కి తిరగబోయాడు. చామంతి ఆయన భుజం గట్టిగా పట్టుకుని ఆపింది.

నాంచారమ్మ ఆయన మొహం చూసింది, పాదాలు చూసింది. వెనకనుంచి సగం కనపడుతున్న గిన్నె చూసింది. లోపలికెళ్ళింది. లోపల మూత తీసిన చప్పుడు వినిపించింది. ఎంతసేపటికీ రాలేదు. ఆమె రానక్కర్లేదు. రాకపోతే ఎవరూ తప్పుపట్టలేరు.

నాంచారమ్మ కొంగు నడుముకి దోపుకుని, పెరుగు గిన్నె ఒక చేత్తో, చెంచా ఒక చేత్తో పట్టుకుని బయటికొచ్చింది.

"ఏదండీ, గిన్నె ఇటు పట్టండి నాయుడుగారూ," అంది.

పోలినాయుడు రెండు చేతులతో చాచాడు. ఆ గిన్నె వెడల్పు చూసి నాంచారమ్మ ఒక్క క్షణం ఆగింది.

"ఇంత గిన్నెందుకండీ? తోడుకి చెంచాడు చాలు," అంది. "అప్పుడు నేనడిగిందీ అంతే."

ఆ చెంచాడూ గిన్నెలో వేసి, మూత పెట్టుకోవడానికి ఒక విస్తరాకు కూడా ఇచ్చింది.